గెలిచిన యుద్ధం, చేజారిన నేల
(అమెరికా పునర్నిర్మాణ గాథ – 4వ భాగం)

పోయిన భాగం లింకన్ మరణం దగ్గర ఆగింది. 1865 ఏప్రిల్ 9న అప్పొమాటాక్స్ అనే చిన్న ఊళ్లో దక్షిణాది సేనాపతి లీ లొంగిపోయాడు. ఐదు రోజుల తర్వాత, 14వ తేదీ రాత్రి, నాటకం చూస్తున్న అధ్యక్షుణ్ని వెనక నుంచి కాల్చారు. మర్నాడు పొద్దున్నే ఆయన ప్రాణం పోయింది. ఆ రాత్రి చంపాల్సిన వాళ్ల జాబితాలో ఉపాధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ పేరు కూడా ఉంది. ఆయన్ను చంపే పని తలకెత్తుకున్నవాడికి ఆఖరి నిమిషంలో ధైర్యం చాలలేదు. అలా బతికిపోయిన మనిషి తెల్లారేసరికి అమెరికా అధ్యక్షుడయ్యాడు.

ఆరు లక్షల మందికి పైగా సైనికుల్ని మింగిన యుద్ధం అది. పదకొండు రాష్ట్రాలు ఓడిపోయాయి, నలభై లక్షల మంది బానిసలు విడుదలయ్యారు. ఓడినవాళ్లను ఏ షరతుల మీద మళ్లీ దేశంలో కలుపుకోవాలి? విడుదలైనవాళ్లు దేన్ని నమ్ముకుని బతకాలి? మొదటి ప్రశ్న మీద వాషింగ్టన్‌లో మూడేళ్లు హోరాహోరీగా పోట్లాడుకున్నారు. చరిత్ర పుస్తకాల నిండా ఉండేది ఆ పోట్లాటే. రెండో ప్రశ్న మాత్రం కాంగ్రెస్ సమావేశమయ్యే లోపే, ఆ ఏడాది వేసవిలో, శరత్కాలంలో, చాలావరకు తేలిపోయింది. కాబట్టి ముందు దాని సంగతి చెప్పాలి.

గ్రీన్‌విల్ దర్జీ

జాన్సన్ పుట్టింది నార్త్ కరొలైనాలోని రాలీలో, 1808లో. మూడేళ్లకే తండ్రి పోయాడు. తల్లి ఊళ్లోవాళ్ల బట్టలు ఉతికి పిల్లల్ని సాకింది. కుర్రవాణ్ని ఒక దర్జీ దగ్గర పనికి పెట్టారు. పనికి పెట్టడమంటే జీతం మాట్లాడుకోవడం కాదు, ఇరవయ్యొక్క ఏళ్లు నిండేదాకా యజమానికి కట్టుబడి ఉంటాడని కాగితం రాసివ్వడం. పదిహేనేళ్ల వయసులో అక్కణ్నుంచి పారిపోయాడు. పట్టి తెచ్చినవారికి పది డాలర్లు ఇస్తానని యజమాని పత్రికలో ప్రకటన వేయించాడు. పారిపోయిన బానిసల కోసం అదే పత్రికల్లో అలాంటి ప్రకటనలే వచ్చేవి.

జాన్సన్ బడి ముఖం ఎరగడు. టెనెసీలో గ్రీన్‌విల్ అనే ఊళ్లో కొట్టు పెట్టుకుని, భార్య ఎలైజా దగ్గర రాతా లెక్కలూ నేర్చుకున్నాడు. ఆ కొట్టే ఆయన రాజకీయానికి తొలి మెట్టు. ఊరి కౌన్సిల్, మేయరు గిరీ, రాష్ట్ర శాసనసభ, ప్రతినిధుల సభ, గవర్నరు పదవి, చివరికి సెనేట్. 1861లో దక్షిణాది విడిపోయినప్పుడు, విడిపోయిన రాష్ట్రాల సెనేటర్లలో కుర్చీ దిగకుండా దేశం పక్షాన నిలబడ్డది ఆయన ఒక్కడే. ప్రాణాలకు తెగించి చేసిన పని అది. ఆ ధైర్యం చూసే లింకన్ ఆయన్ను ఉపాధ్యక్ష పదవికి పక్కన పెట్టుకున్నాడు.

తోటల దొరలంటే జాన్సన్‌కు ఒళ్లుమంట. దేశద్రోహుల్ని శిక్షించాలని, దొరల ఎస్టేట్లు ముక్కలు చేసి చిన్న రైతులకు పంచాలని యుద్ధ కాలంలో సభల్లో చెప్పిన మనిషి. ఆయన అధ్యక్షుడయ్యాడని తెలిసి, లింకన్ మెతకదనం నచ్చని వాళ్లు లోలోపల ఊరట చెందారు కూడా. ఒక్క సంగతి మాత్రం వాళ్లు పట్టించుకోలేదు. దొరల మీద జాన్సన్‌కున్న కోపం పేద తెల్లవాడి కోపం. అందులో నల్లవాళ్లకు చోటు లేదు. ఆయన ఇంట్లోనూ బానిసలుండేవారు. ప్రభుత్వం తెల్లవాళ్లదేనని ఆయన నమ్మకం, దాన్ని ఏనాడూ దాచుకోలేదు.

క్షమాభిక్ష, దాని వెనకే ఆస్తి

1865 మే 29న జాన్సన్ క్షమాభిక్ష ప్రకటించాడు. తిరుగుబాటులో ఉన్న మామూలు జనం విధేయత ప్రమాణం చేస్తే చాలు, బానిసలు తప్ప మిగతా ఆస్తి అంతా తిరిగి దక్కుతుంది. పెద్ద పదవులు వెలగబెట్టినవాళ్లు, ఇరవై వేల డాలర్లకు మించి ఆస్తి ఉన్నవాళ్లు మాత్రం విడిగా అధ్యక్షుడికే అర్జీ పెట్టుకోవాలి. చదవడానికి ఇది దొరల మెడలు వంచే షరతులా ఉంది. జరిగింది వేరు. ఆ వేసవి అంతా వైట్ హౌస్ వసారాలు అర్జీదారులతో కిటకిటలాడాయి. నిన్నటి దాకా ఈ దర్జీని గడప తొక్కనివ్వని వంశాల వాళ్లు టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డారు. జాన్సన్ సంతకాలు పెడుతూ పోయాడు. క్షమించినవాళ్ల లెక్క వేలకు చేరింది.

ఎందుకిలా మెత్తబడ్డాడు? దొరలు తన ముందు తల వంచడం ఆయనకు తృప్తినిచ్చిందన్నది నిజమే కావచ్చు. 1868 ఎన్నికల్లో దక్షిణాది మద్దతుతో సొంతంగా గెలవాలన్న లెక్క కూడా ఉంది. నాకు మాత్రం వీటికన్నా బలమైన కారణం ఆయన నమ్మకంలోనే కనబడుతుంది. రాష్ట్రాలు విడిపోవడమే చెల్లదు, కాబట్టి అవి ఎప్పుడూ దేశంలోనే ఉన్నాయి, వాటి లోపలి వ్యవహారాల్లో దూరాన ఉన్న వాషింగ్టన్ కాదు, అక్కడి తెల్లవాళ్లే నిర్ణయించాలి. ఈ వాదాన్ని ఒప్పుకుంటే విడుదలైన నలభై లక్షల మందిని మళ్లీ పాత యజమానుల దయకే వదిలెయ్యడం అవుతుంది. జాన్సన్ ఆ వాదాన్ని చివరిదాకా పట్టుకున్నాడు.

ఈలోగా దక్షిణాది ఎలా ఉందో చూడాలి. రిచ్‌మండ్, కొలంబియా నగరాల్లో వీధులకు వీధులు మసి గోడలుగా మిగిలాయి. తిరుగుబాటు ప్రభుత్వం అచ్చేసిన నోట్లు చిత్తు కాగితాలయ్యాయి. కాళ్లూ చేతులూ పోగొట్టుకుని ఊళ్లకు చేరిన సైనికులు ఎంతమందంటే, 1866లో మిసిసిపీ రాష్ట్రం తన రాబడిలో దాదాపు ఐదో వంతు కొయ్య కాళ్లకు, కృత్రిమ చేతులకు ఖర్చు పెట్టింది.

రోడ్ల మీద మాత్రం జనమే జనం. వేలంలో అమ్ముడుపోయిన భార్య కోసం, పిల్లల కోసం, తోబుట్టువుల కోసం విడుదలైనవాళ్లు కాలినడకన రాష్ట్రాలు దాటి వెళ్లారు. చదువు రానివాళ్లు తెలిసినవాళ్ల చేత పత్రికలకు ప్రకటనలు రాయించారు: ఫలానా ఏట, ఫలానా వర్తకుడు మా అమ్మను కొనుక్కుపోయాడు, ఎవరికైనా ఆచూకీ తెలిస్తే చెప్పండి అని. ఈ ప్రకటనలు ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాయి. ముప్ఫై ఏళ్లు కాపురం చేసినవాళ్లు కూడా పాదిరీ ముందుకు వెళ్లి చట్టప్రకారం పెళ్లి చేసుకున్నారు, ఎందుకంటే అంతకుముందు వాళ్ల పెళ్లికి చట్టంలో విలువ లేదు. అక్షరం నేర్పితే శిక్ష వేసిన చోట్ల ఇప్పుడు చర్చిల్లో, పాకల్లో బడులు వెలిశాయి. మనవల పక్కనే అవ్వలు కూర్చుని అక్షరాలు దిద్దుకున్నారు.

ఎడిస్టో చర్చిలో

వీటన్నిటికన్నా వాళ్లు ముందుగా అడిగింది భూమి. 1865 జనవరి 12 రాత్రి, యుద్ధం ఇంకా ముగియకముందే, సవన్నా నగరంలో ఉత్తరాది సేనాని షెర్మన్, యుద్ధ మంత్రి ఎడ్విన్ స్టాంటన్ కలిసి ఇరవై మంది నల్లజాతి మతగురువుల్ని పిలిపించి మాట్లాడారు. అందరి తరఫునా అరవై ఏడేళ్ల గారిసన్ ఫ్రేజియర్ జవాబు చెప్పాడు. ఆయన తన స్వేచ్ఛను, భార్య స్వేచ్ఛను డబ్బు కట్టి కొనుక్కున్న మనిషి. మీ కాళ్ల మీద మీరు నిలబడాలంటే ఏం కావాలని అడిగితే, భూమి కావాలని, దాన్ని మా రెక్కల కష్టంతో దున్నుకుంటామని ఆయన చెప్పాడు. నాలుగు రోజులకు షెర్మన్ ఉత్తర్వు వచ్చింది. సౌత్ కరొలైనా, జార్జియా, ఫ్లోరిడా తీరంలో దొరలు వదిలి పారిపోయిన భూముల్ని కుటుంబానికి నలభై ఎకరాల లోపు ఇవ్వాలని. జూన్ నాటికి సుమారు నలభై వేల మంది నాలుగు లక్షల ఎకరాల్లో కుదురుకున్నారు. మొక్కజొన్న, చిలగడదుంప వేసుకున్నారు. అమ్ముకోవడానికి కొంత పత్తి కూడా వేశారు.

జాన్సన్ క్షమించిన దొరలు ఇప్పుడు ఈ భూములకే వచ్చి నిలబడ్డారు. విడుదలైనవాళ్ల బాగోగుల కోసం కాంగ్రెస్ పెట్టిన సంస్థ ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో. దాని అధిపతి జనరల్ ఒలివర్ హోవర్డ్ యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్నవాడు, భక్తిపరుడు. క్షమాభిక్ష దొరికినా పంచిన భూమిని తిరిగి ఇవ్వనక్కర్లేదని ఆయన జులైలో ఉత్తర్వు పంపాడు. జాన్సన్ దాన్ని రద్దు చేయించి, సెప్టెంబరులో భూముల్ని పాతవాళ్లకే అప్పజెప్పమని ఆదేశించాడు. ఆ సంగతి స్వయంగా వెళ్లి జనానికి చెప్పి ఒప్పించే పని కూడా హోవర్డ్ మీదే పెట్టాడు.

అక్టోబరులో హోవర్డ్ చార్లెస్టన్‌కు దక్షిణాన ఉన్న ఎడిస్టో దీవికి వెళ్లాడు. చర్చి కింద అంతస్తూ, పై అరుగులూ జనంతో నిండిపోయాయి. మీరు భూములు వదలాలి, పాత యజమానులతో మాట్లాడుకుని కూలికో పాలుకో ఒప్పందం చేసుకోవాలి అని ఆయన చెప్పగానే గోల మొదలైంది. ఆయన మాట ఎవరికీ వినబడలేదు. అప్పుడు జనంలోంచి ఒక ఆడమనిషి, మేం పడే కష్టం ఎవరికి తెలుసు అనే అర్థం వచ్చే వాళ్ల పాత భక్తిగీతం ఎత్తుకుంది. చర్చి అంతా అందుకుంది. హోవర్డ్ కళ్లు చెమర్చాయి. మళ్లీ మాట్లాడబోతే పై అరుగు మీది నుంచి ఒకడు, మా భూములు ఎందుకు లాక్కుంటున్నారు, ఎప్పుడూ మీ పక్షానే ఉన్నాం కదా, మా పగవాళ్లకిస్తారా అని కేకేశాడు. దానికి జవాబు ఆ సేనాని దగ్గర లేదు.

చర్చల కోసం జనం ముగ్గుర్ని ఎన్నుకున్నారు: హెన్రీ బ్రామ్, ఇష్మాయేల్ మౌల్ట్రీ, యేట్స్ శాంప్సన్. ఆ ముగ్గురూ హోవర్డ్‌కు ఒకటి, అధ్యక్షుడికి ఒకటి ఉత్తరాలు రాశారు. స్పెల్లింగులు తప్పులతడకే గాని వాదంలో ఎక్కడా తడబాటు లేదు. దొరల్ని క్షమించమని మీరు అడుగుతున్నారు, మీరు క్షమించగలరేమో, యుద్ధంలో మీరు పోగొట్టుకున్నది ఒక చెయ్యి. నన్ను చెట్టుకు కట్టి ముప్ఫై తొమ్మిది కొరడా దెబ్బలు కొట్టినవాణ్ని, మా అమ్మనూ చెల్లెల్నీ కొట్టినవాణ్ని, వాడి పొలం చేస్తే తప్ప ఖాళీ గుడిసెలో కూడా ఉండనివ్వనివాణ్ని, నాకు ఎక్కడా భూమి దొరక్కుండా చూడ్డానికి తోటివాళ్లతో కూడబలుక్కునేవాణ్ని నేను ఎలా క్షమించను అని రాశారు. సొంత నేల లేకపోతే మళ్లీ వాళ్ల చేతికిందికే పోతామన్నది ఆ ఉత్తరాల సారం. ఆ కాలపు రాజనీతిజ్ఞులెవరూ సమస్యను ఇంత సూటిగా చెప్పలేదని నేను అనుకుంటున్నాను.

ఫలితం దక్కలేదు. 1866 గడిచేసరికి దీవుల్లో చాలామంది భూమి వదిలేశారు, కొందరిని సైనికులే ఖాళీ చేయించారు. యుద్ధకాలంలో పన్ను కట్టని దొరల భూముల్ని ప్రభుత్వం వేలం వేసినప్పుడు బ్యూఫర్ట్ చుట్టుపక్కల కొనుక్కున్న కొద్దిమందికే నేల నిలిచింది, వాళ్ల దగ్గర కొనుగోలు పత్రం ఉంది కనుక.

కొత్త పేరుతో పాత వెట్టి

జాన్సన్ నియమించిన గవర్నర్ల కింద తెల్లవాళ్లే ఓటు వేసి కొత్త శాసనసభలు ఎన్నుకున్నారు. ఆ సభలు మొట్టమొదట చేసిన చట్టాలకు నల్లవాళ్ల చట్టాలని పేరొచ్చింది. మిసిసిపీలో ప్రతి నల్లవాడూ జనవరి రెండో వారానికల్లా ఆ ఏటికి ఎవరి దగ్గర పనిచేస్తున్నాడో రాతపూర్వకంగా చూపాలి. ఏడాది మధ్యలో పని వదిలితే అప్పటిదాకా చేసిన పనికి కూలి పోతుంది, పట్టుకొచ్చి మళ్లీ అప్పజెప్పొచ్చు. పట్టణాల బయట భూమి కౌలుకు తీసుకోకూడదు. పని లేనివాడు దిమ్మరి కింద లెక్క. జరిమానా కట్టలేకపోతే కట్టినవాడి దగ్గర చాకిరీ చెయ్యాలి. తల్లిదండ్రులు పోషించలేరని కోర్టు తేలిస్తే పిల్లల్ని పనికి అప్పగించొచ్చు, అందులోనూ పాత యజమానిదే మొదటి హక్కు. వెట్టి అంటే ఏమిటో తెలిసిన తెలుగు పాఠకుడికి ఈ చట్టాల మర్మం విడమర్చి చెప్పక్కర్లేదు.

దీని వెనక పత్తి ఉంది. యుద్ధంలో అమెరికా పత్తి ఆగిపోయినప్పుడు ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులు ఇండియా వైపు చూశాయి. మన నల్లరేగడి రైతులు కూడా నాలుగేళ్లు మంచి ధర చూశారు, 1865లో ఆ ధర కూలింది. మళ్లీ ఆ మార్కెట్ చేజిక్కించుకోవాలంటే దక్షిణాది దొరకు కావలసింది తక్కువ కూలికి, వదిలిపోలేని మనుషులు. సొంత భూమి ఉన్నవాడు ముందు తిండిగింజలు పండించుకుంటాడు. అందుకే నల్లవాడికి భూమి దక్కకూడదన్న దగ్గర దొరలూ, ఉత్తరాది మిల్లు యజమానుల్లో చాలామందీ ఒక్కటయ్యారు.

హాజరు పట్టీలో లేని పేర్లు

1865 డిసెంబరు 4న కాంగ్రెస్ మొదలైంది. దక్షిణాది నుంచి ఎన్నికై వచ్చినవాళ్లలో తిరుగుబాటు సైన్యపు జనరళ్లు, కల్నళ్లు ఉన్నారు. ప్రతినిధుల సభ గుమాస్తా ఎడ్వర్డ్ మెక్‌ఫర్సన్ హాజరు పిలుస్తూ వాళ్ల పేర్లు వదిలేసి ముందుకు పోయాడు. టెనెసీకి చెందిన హొరేస్ మేనార్డ్ లేచి మాట్లాడబోయాడు. యుద్ధమంతా దేశానికి విధేయుడిగా ఉన్న మనిషే ఆయన. అయినా ఆయన్నూ పిలవలేదు. ముందే ఇలా ఏర్పాటు చేసిపెట్టినవాడు థాడియస్ స్టీవెన్స్.

పెన్సిల్వేనియా ప్రతినిధి స్టీవెన్స్‌కు అప్పటికి డెబ్భై మూడేళ్లు. పుట్టుకతోనే కాలు వంకర. లాయరుగా పారిపోయిన బానిసల తరఫున వాదించాడు. ఆయన ఇనుప కర్మాగారాన్ని 1863లో దక్షిణాది సైన్యం తగలబెట్టింది. ఆయన కోపానికి అదే కారణమని శత్రువులు అనేవారు గాని, బానిసత్వం మీద ఆయన పోరు అంతకు చాలా ఏళ్ల ముందు నుంచీ ఉన్నదే. దక్షిణాదిలో పెద్ద దొరల ఎస్టేట్లు స్వాధీనం చేసుకుని ప్రతి విముక్త కుటుంబానికీ నలభై ఎకరాలివ్వాలి, భూమి మారకపోతే రాజ్యం మారదు అన్నది ఇప్పుడు ఆయన మాట. ఆయన రిపబ్లికన్ పార్టీలోనే మెజారిటీ దీన్ని ఒప్పుకోలేదు. ఆస్తి జప్తు అక్కడ మొదలైతే తమ ఫ్యాక్టరీల దాకా రాదని నమ్మకమేమిటన్నది ఉత్తరాది ధనికుల భయం. కాబట్టి కాంగ్రెస్ భూమి పక్కన పెట్టి హక్కుల వైపు మళ్లింది.

1866 ఫిబ్రవరిలో బ్యూరో ఆయుష్షు పెంచే బిల్లును జాన్సన్ వీటో చేశాడు. అదే నెల 7న ఫ్రెడరిక్ డగ్లస్ నాయకత్వంలో నల్లజాతి ప్రముఖులు ఓటుహక్కు అడగడానికి వైట్ హౌస్‌కు వెళితే, వాళ్ల మాట వినడం మాని తానే సుదీర్ఘంగా ఉపన్యసించి పంపించాడు. మార్చిలో పౌర హక్కుల బిల్లునూ వీటో చేశాడు. ఇక్కడ మాత్రం మితవాదులు కూడా ఆయనకు ఎదురు తిరిగారు. ఏప్రిల్ 9న, లీ లొంగిపోయి సరిగ్గా ఏడాదికి, ప్రతినిధుల సభ 122–41 ఓట్లతో వీటోను తోసేసింది. ఒక ముఖ్యమైన చట్టాన్ని అధ్యక్షుడి వీటోను కాదని నిలబెట్టడం అమెరికాలో అదే మొదటిసారి.

మామూలు చట్టాన్ని రేపు ఇంకొకరు రద్దు చెయ్యొచ్చు. అందుకే దాన్ని రాజ్యాంగంలోకి ఎక్కించాలనుకున్నారు. 14వ సవరణ పుట్టింది అలాగే. దేశంలో పుట్టిన ప్రతివాడూ పౌరుడే, ఏ రాష్ట్రమూ ఎవరికీ చట్టాల సమాన రక్షణను నిరాకరించకూడదు. ఆ చివరి మాట మన రాజ్యాంగం 14వ అధికరణంలోకి కూడా వచ్చింది. సవరణలో ఓటు ప్రస్తావన వచ్చిన చోట మాత్రం పురుషులనే రాశారు. బానిసత్వానికి వ్యతిరేకంగా దశాబ్దాలు పనిచేసిన ఎలిజబెత్ కేడీ స్టాంటన్, సూసన్ ఆంథొనీ లాంటి స్త్రీలను అది గాయపరిచింది. వాళ్ల ఆగ్రహం న్యాయమైనదే.

కాంగ్రెస్‌లో ఈ చర్చలు నడుస్తుండగానే వీధుల్లో రక్తం పారింది. మే మొదటి మూడు రోజుల్లో మెంఫిస్‌లో తెల్లవాళ్ల మూకలు, వాళ్లతో కలిసిన పోలీసులు నలభై ఆరు మంది నల్లవాళ్లను చంపారు. చర్చిలు, బడులు ఒక్కొక్కటే వెతికి తగలబెట్టారు. జులై 30న న్యూ ఆర్లీన్స్‌లో నల్లవాళ్లకు ఓటు కోరుతూ జరుగుతున్న సభ మీద పడి ముప్ఫై మందికి పైగా ప్రాణాలు తీశారు. ఆ రెండు ఊళ్ల వార్తలు చదివిన ఉత్తరాది ఓటరుకు, అధ్యక్షుడు చెప్పే శాంతి ఎలాంటిదో అర్థమైంది. ఆ ఆగస్టు, సెప్టెంబరుల్లో జాన్సన్ యుద్ధం గెలిచిన సేనాని గ్రాంట్‌ను వెంటబెట్టుకుని రైల్లో ప్రచార యాత్రకు బయల్దేరాడు. క్లీవ్‌లండ్‌లో, సెయింట్ లూయిస్‌లో జనంతో వాదులాటకు దిగి, ఉన్న పరువు కూడా పోగొట్టుకున్నాడు. ఎన్నికల్లో రిపబ్లికన్లకు రెండు సభల్లోనూ మూడింట రెండు వంతులకు మించి సీట్లు వచ్చాయి. ఇక వీటోకు పదును లేదు.

ఓటు వచ్చింది

1867 మార్చి 2న కాంగ్రెస్ దక్షిణాదిని మొదటి నుంచి తిరగరాయడం మొదలుపెట్టింది. టెనెసీ అప్పటికే 14వ సవరణ ఒప్పుకుని లోపలికి వచ్చింది. తక్కిన పది రాష్ట్రాలను ఐదు సైనిక మండలాలు చేశారు. నల్లజాతి పురుషులకు ఓటిచ్చి కొత్త రాజ్యాంగం రాసుకోవాలి, 14వ సవరణ ఆమోదించాలి, అప్పుడే కాంగ్రెస్‌లో చోటు. ఆ ఏడాది ఏడు లక్షలకు పైగా నల్లజాతి ఓటర్లు నమోదయ్యారు. రెండేళ్ల క్రితం దాకా వాళ్లలో ఎక్కువమంది ఇంకొకరి ఆస్తి పట్టీలో అంకెలు.

1868 జనవరిలో చార్లెస్టన్‌లో సౌత్ కరొలైనా రాజ్యాంగ సభ కూర్చుంది. 1860లో దేశం నుంచి విడిపోతున్నామని సంతకాలు చేసింది ఆ ఊళ్లోనే. ఈసారి సభలో నల్లవాళ్లదే మెజారిటీ. అందులో ఒకడు రాబర్ట్ స్మాల్స్. 1862 మేలో ఒక తెల్లవారుజామున, తెల్ల అధికారులు ఒడ్డున నిద్రపోతుండగా, ‘ప్లాంటర్’ అనే దక్షిణాది స్టీమరును కెప్టెన్ టోపీ పెట్టుకుని తానే నడుపుతూ, ఇంటివాళ్లను ఎక్కించుకుని, కోటల ముందు నుంచి సరైన సంకేతాలు ఊదుకుంటూ పోయి ఉత్తరాది నౌకాదళానికి అప్పజెప్పినవాడు. తర్వాత బ్యూఫర్ట్‌లో తన పాత యజమాని ఇల్లు పన్ను వేలంలో కొనుక్కున్నాడు. ఆ సభ అందరు పిల్లలకూ ప్రభుత్వ బడులుండాలని రాసింది. అప్పు తీర్చలేనివాణ్ని జైల్లో పెట్టడం మాన్పించింది. భూమి సంగతి వచ్చినప్పుడు రిచర్డ్ కెయిన్ అనే మతగురువు, భూములు కొని పేదలకు వాయిదాల మీద అమ్మడానికి పది లక్షల డాలర్ల అప్పు ఇమ్మని కాంగ్రెస్‌ను అడుగుదామని ప్రతిపాదించాడు. ఉచితంగా కాదు, అప్పుగానే. కాంగ్రెస్ ఆ అప్పు ఇవ్వలేదు.

ఒక్క ఓటు

ఇదంతా అమలు కావలసింది సైన్యం ద్వారా. సైన్యం ఉన్నది యుద్ధ మంత్రి స్టాంటన్ చేతిలో, ఆయన కాంగ్రెస్ పక్షం. జాన్సన్ ఆయన్ను తీసెయ్యకుండా, సెనేట్ ఒప్పుకోనిదే మంత్రుల్ని తొలగించకూడదని 1867 మార్చి 2నే ఇంకో చట్టం చేసిపెట్టారు. 1868 ఫిబ్రవరి 21న జాన్సన్ ఆ చట్టాన్ని కాలదన్ని స్టాంటన్‌ను తొలగించి, లొరెంజో థామస్ అనే ముసలి జనరల్‌ను ఆ కుర్చీకి పంపాడు. స్టాంటన్ కదల్లేదు. ఆఫీసు తలుపులు మూసుకుని అక్కడే తిని అక్కడే పడుకున్నాడు, నెలల తరబడి. మర్నాడు పొద్దున థామస్‌ను టిఫిన్ కూడా చెయ్యనివ్వకుండా పోలీసులు పట్టుకుపోయారు. బెయిలు మీద వచ్చి మళ్లీ స్టాంటన్ గది ముందు నిలబడితే, స్టాంటనే విస్కీ సీసా తెప్పించి ఆయనకింత పోశాడు.

24న ప్రతినిధుల సభ 126–47 ఓట్లతో అధ్యక్షుణ్ని అభిశంసించింది. అమెరికాలో అలా విచారణకు గురైన మొదటి అధ్యక్షుడు జాన్సనే. ప్రేక్షకుల గ్యాలరీకి రోజుకు వెయ్యి టిక్కెట్లు అచ్చేస్తే అవి చాలలేదు. నడవలేని స్థితిలో ఉన్న స్టీవెన్స్‌ను కుర్చీలో మోసుకొచ్చారు. మే 16న ఓటింగు. పక్షవాతం వచ్చిన సెనేటర్ గ్రైమ్స్‌ను కూడా మోసుకొచ్చారు. దోషి అన్నవాళ్లు 35, కాదన్నవాళ్లు 19. కావలసింది 36. ఏడుగురు రిపబ్లికన్లు దోషి కాదనే వైపు వేశారు. వాళ్లలో కాన్సస్ సెనేటర్ ఎడ్మండ్ రాస్‌ను, మనస్సాక్షి కోసం రాజకీయ జీవితాన్ని బలిపెట్టిన వీరుడిగా దాదాపు తొంభై ఏళ్ల తర్వాత జాన్ కెనెడీ తన పుస్తకంలో పొగిడాడు. ఆ పొగడ్తతో నేను ఏకీభవించలేను. ఓటు వేసిన కొద్దిరోజులకే రాస్ తన వాళ్లకు ఉద్యోగాలిమ్మని జాన్సన్‌కు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు, కొన్ని పుచ్చుకున్నాడు కూడా. జాన్సన్ దిగితే అధ్యక్షుడయ్యేది సెనేట్ తాత్కాలికాధ్యక్షుడు బెంజమిన్ వేడ్. స్త్రీలకు ఓటు, కార్మికులకు న్యాయం అనే ఆ మనిషంటే డబ్బున్న రిపబ్లికన్లకు జాన్సన్ కన్నా ఎక్కువ భయం. ఆ ఓట్లలో మనస్సాక్షి ఎంతో, ఈ భయం ఎంతో విడదీయడం కష్టం.

నన్ను ఎక్కువగా కలచివేసేది తీర్పు కాదు, నేరపత్రం. పదకొండు ఆరోపణల్లో ఎక్కువ భాగం ఒక మంత్రి ఉద్యోగం చుట్టూ తిరిగాయి. ఒకటి ఆయన ఉపన్యాసాల గురించి. తీరంలో, దీవుల్లో నలభై వేల మంది కాళ్ల కింది నేలను లాగేసిన సంగతి వాటిలో లేదు. జాన్సన్ చేసిన పనుల్లో అన్నిటికన్నా ఎక్కువ కాలం నిలిచింది అదే. భూమి లేని రైతు పాత దొర పొలంలోనే పంటలో పాలుకు దిగాడు, విత్తనానికీ ఉప్పుకీ దొర కొట్లోనే ఖాతా పెట్టాడు, ఏడాది చివర అప్పే మిగిలింది. 1867 మార్చిలో స్టీవెన్స్ పెట్టిన భూపంపిణీ బిల్లును ఆయన పార్టీయే ఓటింగు దాకా రానివ్వలేదు. దానికి జాన్సన్‌ను అనలేం, ఆ తప్పు కాంగ్రెస్‌ది.

1868 జులైలో 14వ సవరణ రాజ్యాంగంలో చేరింది. ఆగస్టు 11 రాత్రి స్టీవెన్స్ పోయాడు. నల్లవాళ్లను పూడ్చనివ్వని శ్మశానాల్లో తనకు చోటు వద్దని, లంకాస్టర్‌లో అందరికీ చోటిచ్చే చిన్న శ్మశానాన్ని ముందే ఎంచుకున్నాడు.

వచ్చే భాగంలో గ్రాంట్ అధ్యక్షుడవుతాడు. 1870లో మిసిసిపీ నుంచి హైరమ్ రెవెల్స్ సెనేట్‌లో కూర్చుంటాడు, ఆ సభలో మొట్టమొదటి నల్లజాతి సభ్యుడు. కాంగ్రెస్ ఇవ్వని భూమిని సౌత్ కరొలైనా తన ఖజానాతో కొని పంచాలని చూస్తుంది. మరోవైపు, టెనెసీలోని పులాస్కీలో కొందరు మాజీ సైనికులు మొదలుపెట్టిన కు క్లక్స్ క్లాన్ ముసుగులు వేసుకుని రాత్రిళ్లు ఇళ్ల తలుపులు తడుతుంది. వాళ్లు ముందుగా వెతుక్కుంటూ వెళ్లింది ఎవరి ఇళ్లకు, ఎందుకని వాళ్ల ఇళ్లకే, గ్రాంట్ వాళ్లను ఎలా అణిచాడు, ఆ అణచివేత ఎందుకు నిలవలేదు అన్నది వచ్చే నెల చూద్దాం.